కోరంగి మడ అడవులు, కాకినాడ అఖాతం: పడవ ప్రయాణం, చేపల వేటపై తరచుగా అడిగే ప్రశ్నలు

కాకినాడకు దక్షిణంగా, గౌతమీ గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట మడ అడవులు, పర్ర నేలలు, ఉప్పుటేర్లు, బురద తిప్పలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఆ నీళ్లలో పడవెక్కాలని, వీలైతే గాలం కూడా వేయాలని వచ్చేవారు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ఈ ప్రాంతం ఎక్కడి నుంచి ఎక్కడి వరకు ఉంది?

ఉత్తరాన కాకినాడ పట్టణపు ఉప్పుటేరు నుంచి దక్షిణాన భైరవపాలెం దగ్గరి గౌతమి మొగ (నది సముద్రంలో కలిసే చోటు) వరకు విస్తరించిన నీటి ప్రాంతమంతా ఒకే వ్యవస్థగా భావించాలి. యానాం దగ్గర గౌతమి నుంచి కోరంగి పాయ విడిపోతుంది. ఇంకా దిగువన గాడేరు పాయ చీలుతుంది. ఈ రెండూ మడ అడవుల మధ్యగా మెలికలు తిరుగుతూ ఉత్తరంగా ప్రవహించి కాకినాడ అఖాతంలో కలుస్తాయి. అఖాతానికి తూర్పు వైపున హోప్ ఐలండ్ అనే పొడవైన ఇసుక తిన్నె సముద్రానికి అడ్డంగా నిలబడటం వల్లనే లోపలి నీరు నిలకడగా, లోతు తక్కువగా ఉంటుంది. ఈ అడవిలో 235.70 చదరపు కిలోమీటర్ల మేర 1978లో కోరంగి వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించబడింది. పరిపాలనా పరంగా చూస్తే తాళ్లరేవు మండలం కాకినాడ జిల్లాలోను, భైరవపాలెం కోనసీమ జిల్లాలోను ఉండగా, మధ్యలోని యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికి చెందినది. అందువల్ల ఒకే నీటిలో ప్రయాణిస్తున్నా, ఏ గట్టున దిగారన్నదాన్ని బట్టి అనుమతి ఇచ్చే అధికారి మారుతుంటాడు.

మొదటిసారి వచ్చేవారు పడవ ఎక్కడ ఎక్కడం మంచిది?

చొల్లంగి వద్ద, సందేహం లేకుండా. కాకినాడ నుంచి యానాం వెళ్లే 216వ జాతీయ రహదారి మీద సుమారు పది కిలోమీటర్ల దూరంలో అటవీ శాఖ వారి ప్రవేశద్వారం ఉంటుంది. అక్కడ చెట్ల మధ్యగా నిర్మించిన చెక్క వంతెన మీద నడిచి, పాటు సమయంలో, అంటే సముద్రపు నీరు వెనక్కి దిగిన వేళ, బురదలోంచి పెన్సిళ్లలా పైకి లేచిన మడ చెట్ల ఊపిరి వేర్లను, ఒక డెక్క మాత్రమే పెద్దదిగా ఉన్న చిన్న పీతలను, బురద మీద గెంతే చేపలను పడవ ఎక్కకుండానే చూడవచ్చు. పడవలు ఆ వంతెనను ఆనుకుని ఉన్న కాలువ నుంచి బయలుదేరుతాయి. కుటుంబంతో, చిన్న పిల్లలతో వచ్చేవారికి ఇంతకంటే అనువైన చోటు ఈ తీరంలో మరొకటి లేదు.

రెండవది యానాం. అక్కడ గౌతమి ఒక చిన్న సముద్రమంత వెడల్పుగా ఉంటుంది. 2002లో బాలయోగి వారధి వచ్చేవరకు యానాం నుంచి ఎదుర్లంకకు వాహనాలు పంటు మీద దాటేవి. ఇప్పుడు ఆ అవసరం లేకపోయినా, నదీ విహారానికి పడవలు ఉన్నాయి. అయితే యానాంలో కనిపించేది నది, చొల్లంగిలో కనిపించేది అడవి. మడ అడవిని చూడాలని వచ్చి యానాం ఒడ్డున ఒక చుట్టు చుట్టి వెళ్లిపోయేవారు అసలు చూడవలసినది చూడలేదనే చెప్పాలి.

కాకినాడలో జగన్నాథపురం ఉప్పుటేరు, కుంభాభిషేకం రేవు, చేపల రేవు ప్రధానంగా వేట పడవలు నిలిచే చోట్లు. ఉదయం పూట చేపల వేలం చూడటానికి వెళ్లవచ్చు గాని, అక్కడి వేట పడవలో ఎక్కించుకుని తీసుకువెళ్లమని అడగడం సరికాదు, ఎందుకంటే వాటికి ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి ఉండదు.

ఉదయం వెళ్లాలా, సాయంత్రం వెళ్లాలా?

గడియారాన్ని కాక, పోటును, అంటే సముద్రపు నీరు పైకెక్కే వేళను చూసి వెళ్లాలి. ఈ పేజీలో మరేదీ గుర్తుంచుకోకపోయినా ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. ఒక పోటు నుంచి మరుసటి పోటుకు పన్నెండు గంటల పైన సుమారు 25 నిమిషాలు పడుతుంది కనుక, ఇవాళ ఉదయం ఎనిమిదికి నీరు నిండితే రేపు దాదాపు తొమ్మిదికి నిండుతుంది, వారం తిరిగేసరికి అదే వేళకు కాలువ అడుగు బయటపడి ఉంటుంది. అమావాస్యకు, పౌర్ణమికి నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. అష్టమి, నవమి రోజుల్లో కదలిక తక్కువ. పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టంలో తేడా సుమారు ఒకటిన్నర మీటరు వరకు ఉంటుంది. లోతైన రేవులో ఈ తేడా ఎవరికీ పట్టదు, కాని నడుము లోతు మాత్రమే ఉండే అడవి కాలువలో పడవ నడవడానికీ, బురదలో కూరుకుపోవడానికీ మధ్య ఉన్న తేడా అదే.

పడవ నడిపే సరంగులు పోటు ఎక్కుతుండగా లోపలికి వెళ్లి, అది దిగడం మొదలుకాగానే వెనక్కి తిరుగుతారు. సందర్శకులు మరో పావుగంట ఉందామని పట్టుబట్టడం, సరంగు మొహమాటానికి ఒప్పుకోవడం, తరువాత ఇంజను ఆపి పంకా బురదలో తగలకుండా పైకెత్తి గెడతో పొడుచుకుంటూ రావడం ఇక్కడ తరచుగా జరిగే తంతు. గెడ బురదలో దిగబడినప్పుడు దాన్ని పైకి లాగడానికి పట్టే బలం, పడవను ముందుకు తోయడానికి పట్టే బలం కంటే ఎక్కువ. ఆ అవస్థ చూసినవారు మళ్లీ పావుగంట అడగరు. పడవ ఏ వేళకు బయలుదేరుతుందో ముందురోజే ఫోనులో కనుక్కుని రావడం మంచిది. పాటు సమయంలో వచ్చినవారికి టిక్కెట్టు దొరకకపోతే అది సిబ్బంది నిర్లక్ష్యం కాదు.

సంవత్సరంలో ఏ నెలలు అనుకూలం?

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు గాలి చల్లగా, నీరు తేటగా ఉంటుంది, వలస పక్షులు కూడా అప్పుడే ఉంటాయి. అయితే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానుల కాలమన్న సంగతి మరువరాదు. ఓడల నిర్మాణానికి, వర్తకానికి పేరుపడిన కోరంగి రేవును 1789 డిసెంబరులోను, మళ్లీ 1839 నవంబరులోను తుపాను ఉప్పెనలే దెబ్బతీశాయి. ఆ రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిన తెలుగువారిని బర్మాలో కోరంగీలు అని పిలిచేవారు, అంత పెద్ద రేవు తరువాత మామూలు పల్లెగా మిగిలింది. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న రోజున పడవలు నిలిపివేస్తే వాదించవద్దు.

జూలై నుంచి సెప్టెంబరు వరకు గోదావరి వరదనీరు ఎర్రగా దిగుతుంది, పాయల్లో ఉరవడి ఎక్కువగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ, ఉక్కపోత భరించరానివి.

పుష్య బహుళ అమావాస్యను ఇక్కడ చొల్లంగి అమావాస్య అంటారు. సప్తసాగర యాత్ర చేసేవారు ఆనాడు చొల్లంగిలో సముద్ర స్నానంతో మొదలుపెట్టి అంతర్వేదిలో ముగిస్తారు. ఆ రోజు రహదారి కిక్కిరిసి ఉంటుంది కనుక విహారానికి వేరే రోజు ఎంచుకోండి.

అభయారణ్యంలో గాలం వేయవచ్చా?

వేయరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి ప్రవేశానికి అనుమతి ఇచ్చే కారణాలు పర్యటన, ఫొటోలు తీయడం, శాస్త్రీయ పరిశోధన వంటివి మాత్రమే. సరదా వేట వాటిలో లేదు. లోపలి కాలువల్లో చిన్న నావల మీద వల వేస్తూ కొందరు కనిపిస్తారు, వారిని చూసి మాకెందుకు వీలులేదని చాలామంది అడుగుతారు. వారు తరతరాలుగా ఆ పాయల మీద బతుకుతున్న పరిసర గ్రామాల మత్స్యకారులు. వారి జీవనాధారాన్ని, మన సెలవుదినపు కాలక్షేపాన్ని ఒకే తక్కెడలో పెట్టడం న్యాయం కాదు. గాలం కర్ర సంచిలో పెట్టుకుని వచ్చినా ప్రవేశద్వారం దగ్గర ఆపే అవకాశం ఉంది.

అయితే గాలం ఎక్కడ వేయవచ్చు?

అభయారణ్యం హద్దులకు వెలుపల, యానాం వద్ద గౌతమి ఒడ్డున, కాకినాడ నుంచి ఉప్పాడ వైపు వెళ్లే సముద్ర తీరంలోను ఒడ్డు మీద నిలబడి గాలం వేసేవారు ఉంటారు. యానాంలో నది గట్టు కట్టుదిట్టంగా ఉండటం వల్ల నిలబడటానికి సౌకర్యంగా ఉంటుంది. పోటు ఎక్కే చివరి గంట, దిగే మొదటి గంట ఎర అందుకోవడానికి మేలైన సమయమని ఇక్కడివారి అనుభవం. వంతెన మీద నుంచి మాత్రం వేయవద్దు, వాహనాల రద్దీ వల్ల అది మీకూ ఇతరులకూ ప్రమాదం. ఉప్పాడ వైపు తీరం కొన్ని దశాబ్దాలుగా కోతకు గురవుతోంది. గట్టు కోసం వేసిన బండరాళ్లు నాచు పట్టి జారుతాయి కనుక అలలు ఎత్తుగా ఉన్న రోజున వాటి మీదకు దిగవద్దు.

తాళ్లరేవు పరిసరాల్లో రోడ్డు పక్కన కనిపించే నీటి మడులన్నీ రొయ్యల చెరువులు, ప్రైవేటు ఆస్తులు. చెరువులకు నీరు తోడే కాలువ కూడా అందరిదీ అనుకోవడం పొరపాటు. కాపలావారితో గొడవ పడేకంటే ముందుగా అడగడం మంచిది.

ఈ నీటిలో ఏ చేపలు దొరుకుతాయి?

ఉప్పునీరు, మంచినీరు కలిసే చోటు కనుక రెండు రకాల జలచరాలూ ఉంటాయి. గాలానికి వచ్చేవాటిలో పండుగప్పకు ఉన్న పేరు మరి దేనికీ లేదు. మడ వేర్ల నీడలో కదలకుండా పొంచి ఉండి, దగ్గరకు వచ్చిన రొయ్యనో చిన్న చేపనో ఒక్కసారిగా నోట్లోకి పీల్చుకుంటుంది. కత్తిపరిగెలు గుంపులు గుంపులుగా నీటి పైకి ఎగురుతాయి, కాని గాలానికి సులభంగా చిక్కవు, వాటికి విసురు వలే తగినది. మాగ, జెల్లలు, తెల్లరొయ్య, టైగర్ రొయ్య, మండపీత కూడా ఇక్కడివే.

పండుగప్ప గురించి ఒక సంగతి తెలుసుకోవాలి. ఇది చిన్నతనంలో మగ చేపగా ఉండి, పెద్దదైన తరువాత ఆడదిగా మారుతుంది. అంటే చాలా పెద్ద పండుగప్ప ఏదైనా దాదాపుగా గుడ్లు పెట్టే తల్లే. ఫొటో తీసుకుని మళ్లీ నీటిలో వదలగలిగినవారిని మేము ఎక్కువగా గౌరవిస్తాము. అలాగే కడుపు కింద గుడ్ల ముద్ద మోస్తున్న పీతను పట్టడం గాని, కొనడం గాని చేయకండి. సంతలో బేరం చేసేటప్పుడు పీతను తిప్పి చూపించమంటే అమ్మేవారు చూపిస్తారు.

వేట నిషేధం ఎప్పుడు? అది ఎవరికి వర్తిస్తుంది?

తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు, సముద్రంలో మర పడవలతోను, మోటారు అమర్చిన పడవలతోను వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి సంతతి పెంచుకునే కాలం ఇదేనని ఈ నిబంధన పెట్టారు. ఇంజను లేని సంప్రదాయ నావలకు మినహాయింపు ఉంది. యానాం కూడా తూర్పు తీరంలోనిదే కనుక అక్కడా ఇవే తేదీలు. ఈ రెండు నెలలూ పనిలేని మత్స్యకార కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో 20,000 రూపాయలకు పెంచారు. నిషేధ కాలంలో ఎవరైనా మోటారు పడవలో సముద్రంలోకి తీసుకువెళ్లి వేట చూపిస్తానంటే ఆ ప్రతిపాదనను తిరస్కరించండి. మామూలు రోజుల్లో కూడా ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల వరకు ఉన్న సముద్రాన్ని సంప్రదాయ మత్స్యకారులకే కేటాయించారు, పెద్ద మర పడవలు దాని అవతల వేటాడాలి.

పులస ఎక్కడ, ఎప్పుడు దొరుకుతుంది?

గోదావరికి వరద వచ్చి ఎర్రనీరు సముద్రంలోకి దిగే జూలై నుంచి సెప్టెంబరు వరకు. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదిలోకి ఎదురీదుతూ వచ్చే చేప ఇది, యానాం రేవులో అమ్మకానికి వచ్చినప్పుడు వేలల్లో ధర పలుకుతుంది. గాలానికి పడుతుందన్న ఆశతో రాకండి. అది వలతో పట్టే చేప. పుస్తెలు అమ్మి అయినా పులస తినాలన్న నానుడి వల్ల గిరాకీ పెరిగి, ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి మంచులో వచ్చిన అదే జాతి చేపను గోదావరి పులసగా అమ్మడం కూడా పెరిగింది. వరద తగ్గిపోయాక రాశులుగా కనిపించే పులసను నమ్మనక్కరలేదు.

చీరమేను కొనవచ్చా?

దసరా వెళ్లాక కార్తీకం వరకు, తూర్పు గాలులు వీచే రోజుల్లో గౌతమి మొగ దగ్గర ఈ సన్నటి చేప పిల్లలు రాశులుగా వస్తాయి. చీరల వంటి పలుచటి గుడ్డలతో, చాలా చిన్న కన్ను ఉన్న వలలతో పట్టి, యానాం పరిసరాల్లో గ్లాసులతోను, కుంచాలతోను కొలిచి అమ్ముతారు. చింతచిగురుతో గాని, మసాలాతో గాని వండినా, గారెలుగా వేసినా రుచికి సాటిలేనిదని తిన్నవారంతా అంటారు, ఆ మాట కాదనలేము. అయితే చీరమేను అనేది ఒక జాతి చేప కాదు, అనేక జాతుల పిల్లలు కలిసిన గుంపు. ఒక కుంచంలో ఎన్ని వేల చేపల భవిష్యత్తు ఉందో ఎవరూ లెక్కపెట్టలేరు. అమ్మే ఆడవారికి ఆ కొద్ది వారాల ఆదాయం ముఖ్యమైనది, కనుక పూర్తిగా మానమని మేము చెప్పము. ఇంట్లో ఒకసారి వండుకోవడానికి సరిపడా కొంటే చాలు, ఐస్ పెట్టెల్లో నింపి హైదరాబాదుకు పంపేంత కొనడమే ఇబ్బంది.

హోప్ ఐలండ్‌కు వెళ్లవచ్చా?

వెళ్లడానికి ముందు కాకినాడలో పడవ నడుస్తున్నదా, అటవీ శాఖ అనుమతి ఉన్నదా అని కనుక్కోవాలి. అఖాతంలో అలలు తక్కువే అయినా, తిన్నె ఉత్తరపు కొన దాటితే తెరిచిన సముద్రం. దీవిలో చిన్న మత్స్యకార పల్లె తప్ప హోటళ్లు లేవు, కాబట్టి తాగునీరు వెంట తీసుకువెళ్లాలి, సీసాలు తిరిగి తీసుకురావాలి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు తూర్పు ఒడ్డున ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ కాలంలో ఇసుకలో మంట వేయడం, రాత్రివేళ టార్చి వెలిగించి తిరగడం, గుడ్లు తవ్వడం నేరం కూడా, పాపం కూడా.

పడవలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

లైఫ్ జాకెట్ వేసుకోకుండా పడవ కదలనివ్వకండి. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదం తరువాత నిబంధనలు బిగించారు, కాని చిన్న రేవుల్లో జాకెట్లను ఒక మూలన కట్టకట్టి ఉంచి అడిగినవారికే ఇవ్వడం ఇప్పటికీ కనిపిస్తుంది. చేతికి ఇచ్చిన జాకెట్ పట్టీలు తెగి ఉంటే మార్చమని అడగాలి, పిల్లలకు పిల్లల కొలతే కావాలి. సామర్థ్యం ఎంతమందో పడవ మీద రాసి ఉంటుంది, లెక్క చూసుకున్న తరువాతే ఎక్కండి. యానాంలో మద్యం చౌక కనుక కొందరు పడవ విహారాన్ని, దాన్ని కలిపేస్తుంటారు. తాగినవారిని ఎక్కించుకున్న పడవలో మీరు ఎక్కకండి. సముద్రంలో ఆపద వస్తే తీర రక్షక దళం నంబరు 1554, ఒడ్డున అత్యవసరానికి 112.

అడవిలో ప్రమాదకరమైన మొక్కలు, జలచరాలు ఉన్నాయా?

తిల్ల చెట్టును గుర్తుపట్టడం అవసరం. ఆకు గాని, కొమ్మ గాని తుంచితే తెల్లటి పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే విపరీతమైన మంట పుట్టి తాత్కాలికంగా చూపు పోతుంది, చర్మం మీద పడితే బొబ్బలు వస్తాయి. సన్నటి కాలువలో కొమ్మలు పడవ మీదకు వంగి ఉన్నప్పుడు సరదాగా లాగి విరిచేవారు ఉంటారు. ఆకులు ముదిరి ఎర్రబడిన తిల్ల చూడటానికి అందంగా ఉంటుంది కనుక పిల్లల చేయి ముందు అటే పోతుంది. పాలు తగిలితే మంచినీటితో చాలాసేపు కడిగి, ఆలస్యం చేయకుండా కంటి వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

బురదలోకి చెప్పులు లేకుండా దిగవద్దు, గుల్లల అంచులు కత్తుల్లా ఉంటాయి. లోతు తక్కువ నీటిలో నడవవలసి వస్తే అడుగు ఎత్తి వేయకుండా నేలను రాస్తూ నడవండి, అడుగున పడుకున్న, తోకకు విషపు ముల్లు ఉండే టేకు చేప ఆ కదలికకు తప్పుకుంటుంది. టేకు ముల్లు గాని, గాలానికి చిక్కిన జెల్ల ముల్లు గాని గుచ్చుకుంటే, కాలకుండా భరించగలిగినంత వేడి నీటిలో ఆ భాగాన్ని ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఆ తరువాత వైద్యం తప్పనిసరి.

ఏ పక్షులు, జంతువులు కనిపిస్తాయి?

నీటికుక్కలు ఉదయం పూట గుంపుగా ఈదుతూ కనిపించవచ్చు. బావురుపిల్లి ఈ అడవికి ప్రసిద్ధి తెచ్చిన జంతువే గాని, రాత్రి తిరిగేది కనుక పగటి పడవలో వచ్చినవారికి కనిపించడం అరుదు. అది చూపిస్తామన్న ప్రచారాన్ని నమ్మవద్దు. శీతకాలంలో పాటు సమయాన కుంభాభిషేకం రేవు దగ్గర బయటపడే బురద మైదానాల మీద వలస పక్షులు వందల సంఖ్యలో మేస్తాయి. కింది ముక్కు పై ముక్కు కంటే పొడవుగా ఉండి, నీటిని కోసుకుంటూ ఎగిరే ఇండియన్ స్కిమ్మర్ కోసం దూర రాష్ట్రాల నుంచి కూడా పక్షి ప్రేమికులు కాకినాడ వస్తుంటారు. అంటే పడవకు పనికిరాని పాటు వేళ పక్షులకు పనికివస్తుంది. రోజంతా గడపదలచినవారు పోటుకు చొల్లంగిలో, పాటుకు కుంభాభిషేకం రేవులో ఉండేలా చూసుకుంటే రెండూ దక్కుతాయి.

సొంత కయాక్ తెచ్చుకోవచ్చా? డ్రోన్ ఎగరవేయవచ్చా?

అభయారణ్యంలో రెండింటికీ అటవీ శాఖ ముందస్తు అనుమతి కావాలి. అనుమతి వచ్చినా ఒంటరిగా కాలువల్లోకి వెళ్లవద్దు. మడ కాలువలన్నీ ఒకేలా కనిపిస్తాయి, నీరు దిగితే వచ్చిన దారి కూడా మారిపోయినట్లు ఉంటుంది.

వల వేస్తున్న మత్స్యకారులను కలిస్తే ఎలా మెలగాలి?

వల పరిచిన చోట నీటి మీద తేలే బెండ్లు, సీసాలు వరుసగా కనిపిస్తాయి. ఆ వరుసను దాటవలసి వస్తే ఇంజను ఆపి పక్కనుంచి వెళ్లమని మీ సరంగుకు చెప్పండి, వల తెగితే దాని ఖరీదు వారి కొన్ని రోజుల సంపాదన. ఫొటో తీసేముందు అడగండి. చేప కొనదలిస్తే రేవులో వేలం ముగిశాక అమ్మే ఆడవారి దగ్గర కొనండి, నడి పాయలో పడవ ఆపి బేరం పెట్టడం వల్ల వారికి పోటు వేళ తప్పిపోతుంది. వయసులో పెద్దవారిని బాబాయి అనో, అన్నయ్య అనో పలకరిస్తే, ఏ కాలువలో ఇవాళ నీరు ఎంత ఉందో, ఎప్పటికి దిగుతుందో వారే వివరంగా చెబుతారు.